పురుగును చంపే పురుగు, దాని కడుపులో ఇంకో ప్రాణి

ఈ నెల ప్రశ్న పక్కనే ఉన్న కువైట్ నుంచి వచ్చింది. కోనసీమ చెల్లెలు ఒకామె వాయిస్ మెసేజ్ పెట్టింది. అయిదేళ్లు దాచిన దినార్లతో ఊళ్లో అర ఎకరం కొబ్బరితోట కొన్నారట. చెట్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. తమ్ముడు ఒక పొడి ప్యాకెట్ ఫోటో పంపాడు. అందులో కంటికి కనిపించని పురుగులున్నాయట, నీళ్లలో కలిపి మొదట్లో పోస్తే చెట్టును తినే పురుగుల్ని చంపేస్తాయట. "అక్కా, డబ్బులు పంపమంటున్నాడు. ఇది నిజమేనా, మోసమా? పురుగులు పోస్తే చెట్టు ఎలా బతుకుతుంది? పిల్లలు ఆ తోటలోనే ఆడుకుంటారు, వాళ్లకేమన్నా అయితే?" అంది.

మూడు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు సులువు: మోసం కాదు, అలాంటి పురుగులు నిజంగానే ఉన్నాయి. రెండోదే అసలు చిక్కు. ఆ పొడి ఏ పురుగుకి పనిచేస్తుంది, మీ చెట్టుని తినేది ఆ పురుగేనా అన్నది తేల్చుకోకపోతే డబ్బు మట్టిలో పోసినట్టే. మూడోది చివరికంటా చదివితే మీకే తెలుస్తుంది. నైట్ డ్యూటీల మధ్య వారం రోజులు దీని గురించే చదివాను. చదివేకొద్దీ ఇది వ్యవసాయం సంగతి మాత్రమే కాదు, మా వార్డు సంగతి కూడా అనిపించింది. అందుకే ఈసారి కాస్త పొడుగు రాస్తున్నా, విసుక్కోకండి.

ముందు ఆ ప్రాణి ఏమిటో చూద్దాం. నెమటోడ్ అంటే నులిపురుగు. మన పిల్లలకి ఆల్బెండజోల్ వేసేది దీని చుట్టాల కోసమే. వంగ, టమాటా వేళ్ల మీద బుడిపెలు తెచ్చేదీ ఇంకో చుట్టమే. నులిపురుగు అనగానే రైతు భయపడేది అందుకే. కానీ ఇప్పుడు చెప్పుకునేవి మొక్క జోలికి పోవు, మనిషి జోలికి రావు. మట్టిలో ఉంటూ పురుగుల్ని మాత్రమే వేటాడతాయి. వీటిలో ముఖ్యమైన జాతులు రెండు: స్టెయినర్‌నీమా, హెటెరోరాబ్డైటిస్. నోరు తిరగని పేర్లే. ప్యాకెట్ మీద చూసి గుర్తుపడితే చాలు.

సైజు అర మిల్లీమీటరు. బొంబాయి రవ్వ పలుకంత కూడా కాదు. మట్టిలో బయట తిరిగేది దీని జీవితంలో ఒకే ఒక్క దశ, పిల్ల దశ. ఆ పిల్ల ఏమీ తినదు. నోరు మూసుకుని, పాత చర్మాన్ని రెండో పొరలా కప్పుకుని, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే వారాలూ నెలలూ బతుకుతుంది. కొన్ని రకాలు తోక మీద నిలబడి దారిన పోయే పురుగు కోసం కాచుకుంటాయి. కొన్ని మట్టి రేణువుల మధ్య తడిలో ఈదుకుంటూ, పురుగు వదిలే గాలినీ వాసననీ పట్టుకుని వెళ్తాయి. పురుగు దొరికితే నోట్లోంచో, వెనకనుంచో, ఒంటి పక్కన ఊపిరి పీల్చుకునే రంధ్రాల్లోంచో లోపలికి దూరతాయి. హెటెరోరాబ్డైటిస్‌కి చిన్న పన్ను లాంటిది ఉంటుంది, దాంతో పల్చటి చర్మాన్ని గీరి కూడా దూరగలదు.

ఇంతవరకూ మామూలు కథే. లోపలికెళ్లాక అది చేసే పని చూడండి. ఆ పిల్ల కడుపులో బ్యాక్టీరియా ఉంటుంది. స్టెయినర్‌నీమాలో ఉండేది జెనోరాబ్డస్, హెటెరోరాబ్డైటిస్‌లో ఉండేది ఫోటోరాబ్డస్. పురుగు రక్తంలోకి చేరగానే నెమటోడ్ ఆ బ్యాక్టీరియాని వదిలేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. మా భాషలో చెప్పాలంటే సెప్సిస్. నెమటోడ్ సిరంజి, బ్యాక్టీరియా మందు. ఈ పోలిక నర్సులకి వెంటనే అర్థమవుతుంది. తేడా ఏంటంటే ఈ సిరంజికి కాళ్లొచ్చినట్టుంటుంది, వెయిన్ ఎక్కడుందో తనే వెతుక్కుంటుంది.

చచ్చిన పురుగు మాంసాన్ని బ్యాక్టీరియా జావలా చేస్తుంది. నెమటోడ్లు ఆ జావనీ, ఆ బ్యాక్టీరియానీ తిని పెరిగి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు మళ్లీ పెట్టి, తిండి అయిపోయాక కొత్త తరం పిల్లలు బ్యాక్టీరియాని కొంచెం కొంచెం మూటకట్టుకుని బయటికి వస్తాయి. వేలెడంత పురుగులోంచి లక్షల్లో. నెమటోడ్ లేకుండా ఈ బ్యాక్టీరియా మట్టిలో ఎక్కువ రోజులు బతకలేదు, ఒక పురుగులోంచి ఇంకో పురుగులోకి పోలేదు. బ్యాక్టీరియా లేకుండా నెమటోడ్ సంసారం సాగదు. మా హఫర్ వాళ్లకి ఇలాంటి జోడీ కొత్త కాదు. వానలు బాగా పడిన ఏడాది ఎడారిలో పుట్టే ఫగా కోసం ఇక్కడివాళ్లు నేలంతా వెతకరు, రగ్రూగ్ మొక్క ఎక్కడుందో చూస్తారు. ఆ మొక్క వేళ్లతో కలిసే ఈ ఫగా పెరుగుతుంది. ఫగా అంటే మన పుట్టగొడుగుల చుట్టమే, కాకపోతే నేలలోపల ఉర్లగడ్డలా ఉంటుంది. తెల్లగా ఉండే జుబైదీ రేటు వింటే మన జీతం గుర్తొస్తుంది, అది వేరే విషయం.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది చచ్చిన పురుగు. మామూలుగా గొంగళిపురుగు చస్తే ఒక్క రోజులో నల్లబడి, నీరుకారి, కంపుకొడుతుంది. చీమలు లాక్కుపోతాయి. వీటి చేతిలో చచ్చింది అలా కుళ్లదు. హెటెరోరాబ్డైటిస్ చంపితే ఇటుకరాయి రంగుకి తిరుగుతుంది, స్టెయినర్‌నీమా చంపితే గోధుమరంగుకి. రూపం చెడదు. చీమలు వచ్చి వాసన చూసి వెనక్కి పోతాయి. ఫోటోరాబ్డస్ ఉన్న కళేబరమైతే చిమ్మచీకట్లో చాలాసేపు కళ్లు అలవాటు చేసుకుని చూస్తే సన్నగా వెలుగుతుంది కూడా. పేరులో ఉన్న ఫోటో అదే. కుళ్లకపోవడానికి కారణం, ఆ బ్యాక్టీరియా తన వంటింట్లోకి వేరే క్రిములు రాకుండా యాంటీబయోటిక్స్ తయారుచేసి పోయడం. చీమలకి గిట్టని పదార్థం కూడా అదే చేస్తుంది. ఈ యాంటీబయోటిక్ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తా.

ఇప్పుడు మన దేశం సంగతి. చెల్లెలు పంపిన ప్యాకెట్ మీద రాసుంది హెటెరోరాబ్డైటిస్ ఇండికా అని. ఇండికా అంటే ఇండియాదే. 1992లో పాయినార్ అనే అమెరికా శాస్త్రవేత్త, మనవాళ్లు కరుణాకర్, డేవిడ్ కలిసి దీనికి ఆ పేరు పెట్టారు. దొరికింది కోయంబత్తూరులో, చెరకు మొవ్వు తొలిచే పురుగులో. తర్వాత వెతికితే ఇది వేడి దేశాల్లో చాలాచోట్ల ఉంది. అందులో సౌదీ కూడా ఒకటి. మన తూర్పు ప్రాంతంలోనే ఉన్న అల్ అహ్సా ఖర్జూరతోటల వైపు పరిశోధకులు దీని మీద పనిచేశారు. ఇండియా పేరు పెట్టుకుని, ఇకామా లేకుండా ఖర్జూరం చెట్ల కింద ఎన్నాళ్లనుంచి ఉంటోందో! పక్కనున్న ఒమన్‌లో దొరికిన ఇంకో రకానికి 1997లో స్టెయినర్‌నీమా అబ్బాసీ అని పేరు పెట్టారు. చలిదేశాల నెమటోడ్లు 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి. మన ఇండికా, ఈ అబ్బాసీ 30 దాటినా పనిచేస్తాయి. కావాల్సింది అదే కదా.

మరి ఈ ఎడారిలో ఎలా బతుకుతాయి అని మీరు అడగొచ్చు. ఎడారి అంతటా బతకవు. జులైలో మధ్యాహ్నం హఫర్ బయట ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగుపెట్టలేం. అక్కడ పైపొరలో నెమటోడ్‌కి చోటులేదు. వాటికి కావాల్సింది రేణువుల చుట్టూ సన్నటి నీటి పొర. అది ఉంటేనే కదలగలవు. ఎండ తగిలితే నిమిషాల్లో, గంటల్లో చస్తాయి. కానీ నీళ్లు పెట్టే తోటలో, ఖర్జూరం నీడలో, జానెడు లోతులో సంగతి వేరు. ఇంకో సంగతి వింటే మీరు నమ్మరు. తడిగా ఉంచితే ఇసుక నేల వీటికి మన నల్లరేగడి కంటే మంచి ఇల్లు. రేణువుల మధ్య సందులు పెద్దవి, ఈదడానికి దారి ఉంటుంది. జిగట బంకమట్టిలో ఇరుక్కుపోతాయి. హఫర్ అనే మాటకి గొయ్యి, బావి అని అర్థం. ఎప్పుడో బస్రా నుంచి మక్కా వెళ్లే హజ్ దారిలో ఇక్కడ తవ్విన బావుల వల్లే ఊరికి ఆ పేరు. నీళ్లు పైకి తెచ్చినచోట ప్రాణం ఎలా వస్తుందో ఈ ఊరికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది.

సౌదీ వాళ్లకి వీటి మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, మన కొబ్బరిని తినే ఎర్రముక్కు పురుగే వాళ్ల ఖర్జూరాన్ని తింటోంది. అసలు అది మన వైపు పురుగే. దక్షిణాసియా నుంచి మొక్కలతో పాటు ఓడెక్కి గల్ఫ్ చేరింది. సౌదీలో 1987లో ఖతీఫ్‌లో మొదట కనిపించింది. అక్కడినుంచి పిలకలతో పాటు దేశమంతా పాకింది. అల్ అహ్సాలో 25 లక్షల ఖర్జూరం చెట్లున్నాయని యునెస్కో లెక్క. 2018లో ఆ ఒయాసిస్‌కి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ చెట్లకి పెద్ద శత్రువు ఈ బొటనవేలంత ఎర్ర పురుగు. ఇక్కడి ముదీర్లు, మజ్రా యజమానులు సూసా అని పళ్లు కొరుకుతూ అంటే ఇదే అని అర్థం చేసుకోండి.

ఇక చెల్లెలి తోట దగ్గరికి వద్దాం. కొబ్బరిని తినేది ఒక్క పురుగు కాదు. మీ తమ్ముడిని ముందు చెట్టు చూడమను, తర్వాత ప్యాకెట్.

ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు, విసనకర్రలా కనిపిస్తే అది కొమ్ము పురుగు. పెద్ద పురుగు మొవ్వు తింటుంది. పిల్ల పురుగు చెట్టులో ఉండదు, పెంటకుప్పలో, కుళ్లిన మొద్దుల్లో ఉంటుంది. దానికి మందు పెంటకుప్ప దగ్గర పడాలి. మెటారైజియం అనే పచ్చ బూజు పొడి దాని కోసమే వాడతారు.

కాండం మీద రంధ్రాలు, వాటిలోంచి ఎర్రటి జిగురు, నమిలి ఉమ్మినట్టున్న పీచు, చెవి ఆనిస్తే కరకరమని చప్పుడు ఉంటే అది ఎర్రముక్కు పురుగు. పిల్ల పురుగులు కాండం లోపలే ఉండి తొలిచేస్తాయి. పైకి బాగానే ఉన్న చెట్టు ఒకరోజు తల వాల్చేస్తుంది. ఇదైతే చెట్టు మొదట్లో పొడి పోయడం శుద్ధ దండగ. నెమటోడ్ మట్టిలోంచి కాండం ఎక్కి వెళ్లలేదు కదమ్మా. స్పెయిన్‌లో ఖర్జూరజాతి చెట్ల మీద దీనికి స్టెయినర్‌నీమా కార్పోకాప్సే అనే రకాన్ని వాడి చూశారు. ఎండిపోకుండా రొయ్యపొట్టు నుంచి తీసే కైటోసాన్‌లో కలిపి చెట్టు తలలోనే పిచికారీ చేశారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో పురుగు పట్టిన చెట్లలో 80 శాతం దాకా పనిచేసింది, ముందుజాగ్రత్తగా కొడితే ఇంకా బాగా. పురుగు ఉన్నచోటికి మందు వెళ్లింది కాబట్టి పనిచేసింది. మన వెన్నుముక్కలాంటి పొడుగాటి కొబ్బరి కాండంలో సొరంగంలోకి పోయించడం అంత తేలిక కాదు. దీనికి ఎర బకెట్లు పెట్టడం, కత్తి గాయాలు పడకుండా చూడటం, చచ్చిన చెట్టుని అలాగే వదిలేయకుండా నరికి చీల్చి తగలబెట్టడం, ముందు కొమ్ము పురుగుని అదుపులో పెట్టడం ముఖ్యం. ఎందుకంటే కొమ్ము పురుగు చేసిన గాయంలోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది.

ఆకులు పాలిపోయి, పిందె రాలి, మొదట్లో తవ్వితే వేళ్లు కొరికేసి, తెల్లగా మడతపడి పడుకున్న లావుపాటి పురుగులు కనిపిస్తే అది వేరుపురుగు. ఈ నెమటోడ్ పొడి అసలు దీని కోసమే. కేరళ, కర్ణాటకల్లో వక్క, కొబ్బరి తోటల్లో, చెరకులో దీని మీదే ఎక్కువ పని జరిగింది. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ అనే కేంద్ర సంస్థ ఇండికాని నీళ్లలో కలిపే పొడిగా తయారుచేసి కంపెనీలకి ఆ పద్ధతి ఇచ్చింది. కాసర్‌గోడ్‌లోని కొబ్బరి పరిశోధన సంస్థ కూడా వీటి మీద పనిచేసింది. అనంతపురం వేరుశనగ రైతుకి వేరుపురుగు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి చెల్లీ, తమ్ముడిని ముందు తవ్వి చూసి, ఫోటో తీసి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లమను. మీకు దగ్గరే. కొబ్బరి పురుగులకి పురుగులతో, బూజులతో వైద్యం చేయడం వాళ్లకి ఏళ్లుగా ఉన్న పని. వాళ్లు వేరుపురుగు అంటేనే డబ్బు పంపు.

కొంటే ఎలా వాడాలో కూడా చెప్తా, ఎందుకంటే వీటిని మందులా చూస్తే చచ్చిపోతాయి. ఇవి ప్రాణాలు. మన ఫార్మసీలో ఇన్సులిన్‌ని ఎలా చూస్తామో అలా చూడాలి. ఎండలో ఆగిన లారీలో వచ్చిన ప్యాకెట్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఫ్రీజర్లో పెట్టకూడదు. కొనేముందు తేదీ చూసి, చిటికెడు పొడి నల్లటి పళ్లెంలో నీళ్లలో కలిపి, అరగంట ఆగి, భూతద్దంతో చూడాలి. సన్నటి తెల్ల దారాలు మెలికలు తిరుగుతుంటే ప్రాణమున్నట్టు. నిటారుగా సూదుల్లా పడుంటే చాలావరకు చచ్చినట్టే. పోసేది సాయంత్రం ఎండ దిగాక. ముందు నేల తడపాలి, తర్వాత కూడా తడి ఆరనివ్వకూడదు. అదే రోజు యూరియా, పురుగుమందు కలపకూడదు. లెక్క ఎంతంటే, పొలాల్లో మామూలుగా హెక్టారుకి 250 కోట్ల పిల్లలు. వినడానికి గుండె ఆగుతుంది గానీ, చదరపు సెంటీమీటరుకి 25 మాత్రమే.

పిల్లల సంగతి. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు, అక్కడ ఈ బ్యాక్టీరియాల్లో ఎక్కువ రకాలు పెరగలేవు. అమెరికాలో ఈ నెమటోడ్లకి పురుగుమందుల్లా రిజిస్ట్రేషన్ కూడా అడగరు. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఫోటోరాబ్డస్‌లో అసింబయోటికా అనే ఒక జాతి అమెరికాలో, ఆస్ట్రేలియాలో కొద్దిమంది మనుషుల గాయాల్లో దొరికింది. చాలా అరుదు, చికిత్స ఉంది. నర్సుగా నేను చెప్పేది ఇంతే: చేతికి తెగిన గాయముంటే గ్లవ్స్ వేసుకో, పొడి పీల్చకుండా ముక్కుకి గుడ్డ కట్టుకో, పని అయ్యాక సబ్బుతో కడుక్కో. పేడ పనికి కూడా చెప్పేది అదే కదా.

అదే తమ్ముడు వేరుకి మోనోక్రోటోఫాస్ సంచీ కడతానన్నా, ఫోరేట్ గుళికలు చల్లుతానన్నా నాకు నిద్ర పట్టదు. ఫోరేట్‌ని మన దేశంలో 2020 డిసెంబర్ తర్వాత పూర్తిగా నిషేధించారు. అయినా అటకల మీద పాత డబ్బాలుంటాయి. ఎమర్జెన్సీలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఆ కేసు తెలుసు. కంటిపాప సూదిమొనంత అయిపోయి, నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, ఊపిరి గురక. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కిస్తూ పాప ఎప్పుడు విచ్చుకుంటుందా అని టార్చి వేసి చూస్తూ కూర్చోవాలి. ఇక్కడి మజ్రాల్లో పనిచేసే మన కడప, కరీంనగర్, గోదావరి తమ్ముళ్లు 45 డిగ్రీల ఎండలో మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదని తీసేసి మందు కొడతారు. వాళ్ల భార్యలు ఈ గ్రూపులో ఉన్నారు. రాత్రి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడుగుతారు కదా, స్ప్రే కొట్టిన చొక్కా మార్చావా అని కూడా అడగండి.

ప్యాకెట్ల సంగతి అలా ఉంచితే, ఎవరూ పోయకుండానే మట్టిలో ఇవి చేసే పని ఇంకా పెద్దది. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన బొడేగా బే అనే చోట లూపిన్ అనే పసుపుపూల పొదలున్నాయి. కొన్నేళ్లు విరగబూస్తాయి, కొన్నిచోట్ల ఉన్నట్టుండి గుంపులుగా చచ్చిపోతాయి. డొనాల్డ్ స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్త 1990ల్లో అక్కడ తవ్వి చూశాడు. వేళ్లు తొలిచే గొంగళిపురుగు ఉంది. దాన్ని చంపే హెటెరోరాబ్డైటిస్ ఎక్కడ ఎక్కువుందో అక్కడ పొద బతికింది, లేనిచోట చచ్చింది. పైన పూలు చూసి ఆనందించేవాళ్లలో ఎంతమందికి తెలుస్తుంది, కింద అర మిల్లీమీటరు ప్రాణి కాపలా ఉందని.

ఇంకోటి మన వంటింటికి దగ్గరైనది. మొక్కజొన్న వేరుని పురుగు కొరికినప్పుడు ఆ వేరు మట్టిలోకి ఒక వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని నెమటోడ్లు వచ్చి పురుగుని చంపుతాయి. అంబులెన్సుని పిలిచినట్టే. ఆ పదార్థం పేరు కారియోఫిలీన్, మన లవంగాల్లో, మిరియాల్లో ఉండేదే. స్విట్జర్లాండ్‌లో న్యూషాటెల్ వాళ్లు 2005లో ఇది బయటపెట్టారు. వాళ్లు చెప్పిన రెండో సంగతే నాకు కష్టంగా అనిపించింది. మొక్కజొన్నకి తాత లాంటి అడవి మొక్కకి ఈ పిలుపు వచ్చు, యూరప్ రకాలకి వచ్చు, అమెరికాలో దిగుబడి కోసం ఏరి ఏరి పెంచిన చాలా రకాలు మర్చిపోయాయి. గింజలు చూసి ఎంచుకున్నారు గానీ వేరు గొంతు పోయిందని ఎవరూ చూసుకోలేదు. తర్వాత 2009లో ఒరెగానో మొక్క జన్యువు పెట్టి ఆ గొంతు తిరిగి తెప్పించి చూస్తే, నెమటోడ్లు మళ్లీ వచ్చాయి. పిజ్జా మీద చల్లుకునే ఒరెగానోనే.

మీ పెరట్లో, లేదా ఇక్కడ మీ కాంపౌండ్ ఖర్జూరం కింద ఇవి ఉన్నాయో లేదో పిల్లలతో కలిసి చూడొచ్చు. ఎప్పుడూ తడి ఉండేచోట, నీడలో, అరచేయి లోతు నుంచి మట్టి తీయండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పిడికిలి పట్టితే ముద్దయ్యేంత తడి ఉంచండి. పక్షుల దుకాణంలో అమ్మే మీల్‌వర్మ్ పురుగులు అయిదారు వేసి, చిల్లుల మూత పెట్టి, డబ్బా తిరగేసి, చల్లటి గదిలో ఉంచండి. నాలుగైదు రోజులకి తీయండి. నల్లబడి కంపుకొడితే మామూలు చావు. ఎర్రగానో, గోధుమరంగుగానో మారి కంపు లేకుండా ఉంటే దాన్ని కడిగి, సాసర్ బోర్లించి పైన తడి కాగితం వేసి దాని మీద పెట్టి, చుట్టూ నీళ్లు పోయండి. పది పదిహేను రోజులకి ఆ నీళ్లు పాలు విరిగినట్టు మసకబారితే, అవే. ఒక్కచోట దొరక్కపోతే నాలుగుచోట్ల మట్టి తీయండి, ఇవి నేలంతా సమానంగా ఉండవు, గుంపులుగా ఉంటాయి. సైన్స్ ప్రాజెక్టుకి థర్మోకోల్ అగ్నిపర్వతం కంటే ఇది మేలు.

ఇప్పుడు యాంటీబయోటిక్ మాట. 1862 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధంలో టెన్నెసీలోని షైలో దగ్గర రెండు రోజులు ఘోరమైన యుద్ధం జరిగింది. గాయపడినవాళ్లు వానలో, బురదలో రోజుల తరబడి పడున్నారు. కొందరి గాయాలు చీకట్లో వెలిగాయనీ, అలా వెలిగినవాళ్లు బాగా కోలుకున్నారనీ ఒక కథ మిగిలిపోయింది. దేవత వెలుగు అన్నారు. 2001లో విలియం మార్టిన్, జోనాథన్ కర్టిస్ అనే ఇద్దరు హైస్కూల్ పిల్లలు ఆ కథ పట్టుకున్నారు. మార్టిన్ వాళ్లమ్మ సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, ఫోటోరాబ్డస్ మీద పనిచేసేవారు. మట్టిలోంచి నెమటోడ్లు, వాటితో ఈ బ్యాక్టీరియా గాయాల్లో చేరి ఉంటాయి, చలికి వణికి ఒంటి వేడి పడిపోవడం వల్ల అక్కడ బతికి ఉంటుంది, మిగతా క్రిముల్ని చంపి ఉంటుంది అని వాళ్ల వాదన. అంతర్జాతీయ సైన్స్ పోటీలో బహుమతి గెలిచారు. నిరూపణ కాదు, నూటయాభై ఏళ్ల కిందటి గాయాన్ని ఎవరు కల్చర్ చేస్తారు. అయినా తల్లి ఉద్యోగం గురించి ఇంట్లో మాట్లాడుకుంటే పిల్లలకి ఏం తడుతుందో చూడండి.

నిరూపణ అయినది ఇంకోటుంది. మా ఐసీయూలో భయమంతా గ్రామ్ నెగటివ్ క్రిములది. క్లెబ్‌సియెల్లా, అసినెటోబాక్టర్. కల్చర్ రిపోర్టులో వరసగా రెసిస్టెంట్, రెసిస్టెంట్ అని చదువుతూ చివరికి కొలిస్టిన్ దగ్గర ఆగుతాం. ఆ మందు కిడ్నీల్ని ఏం చేస్తుందో యూరిన్ బ్యాగ్ కొలిచే మాకు తెలుసు. ఈ క్రిములకి రెండు పొరల గోడ, మందు లోపలికి పోదు. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో కిమ్ లూయిస్ బృందం ఒక మంచి ఆలోచన చేసింది. నెమటోడ్ పేగులో ఉండే బ్యాక్టీరియా కూడా మనలాంటి ఇబ్బందిలోనే ఉంది: పక్కనున్న గ్రామ్ నెగటివ్ క్రిముల్ని చంపాలి, తనని మోసే నెమటోడ్‌కి మాత్రం హాని చేయకూడదు. అంటే అది తయారుచేసే మందు ఒంటికి విషం కాకపోవచ్చు. వెతికితే ఫోటోరాబ్డస్‌లోనే దొరికింది. పేరు డారోబాక్టిన్. 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. ఏడు అమైనో ఆమ్లాల చిన్న పదార్థం. ఇది లోపలికి దూరాల్సిన పనేలేదు. క్రిమి బయటి గోడ కట్టే తాపీమేస్త్రీ లాంటి ప్రొటీన్ ఒకటి పైనే ఉంటుంది, దాన్ని పట్టుకుని కదలనివ్వదు. ఎలుకల్లో మందులకి లొంగని ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి.

ఎలుకల నుంచి మా డ్రగ్ ట్రాలీ దాకా రావడానికి చాలా దూరం ఉంది. ఇంకా మనుషుల మందుగా రాలేదు. ఈ రాత్రికి కూడా మేం వేలాడదీసేది కొలిస్టిన్ సీసానే.